బాపుకు కింది పళ్ల సెట్టు నిలవడం లేదు, మూడు క్లినిక్‌లు మూడు మాటలు చెప్పాయి

హన్మకొండ_చౌరస్తా
బాపుకు 71. నోట్లో ఒక్క పన్ను లేదు. పై సెట్టుతో పెద్ద బాధ లేదు, గొడవంతా కిందిదానితోనే. మాట్లాడుతుంటే లేస్తుంది, దగ్గితే జారుతుంది. పెళ్లిళ్లకు పోతే తినే ముందు తీసి కర్చీఫ్‌లో చుట్టి జేబులో వేసుకుంటాడు. అంటుకునే క్రీమ్ కూడా వాడి చూశాం, వేడి చాయ్ తాగేసరికి పట్టు పోతుంది.
ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు, వేయిద్దామని మూడు చోట్ల చూపించాం. ఒకరు కింద రెండు ఇంప్లాంట్లు వేసి వాటికి పట్టుకునేలా తీసి పెట్టుకునే సెట్టు చాలన్నారు, లక్ష లోపు. ఇంకొకరు నాలుగు ఇంప్లాంట్లు, ఫిక్స్‌డ్ పళ్లు, కిందికే మూడు లక్షలు దాటుతుందన్నారు. మూడో చోట "నెలల తరబడి ఎందుకు ఆగుతారు, మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లతో పంపిస్తాం" అన్నారు. ఒక్క దవడ, మూడు మాటలు. ఎవరిని నమ్మాలి?
బాపుకు షుగర్, బీపీ ఉన్నాయి. చుట్ట ఎప్పుడో మానేశాడు. ఇంట్లో ఎవరికైనా చేయించినవాళ్లు చెప్పండి. క్లినిక్ యాడ్స్ పెట్టేవాళ్లు దయచేసి వేరే చోట చూసుకోండి.

కాజీపేట_పోరడు
మూడు లక్షలు అని చదవగానే నా పళ్లు కదిలినట్టు అనిపించింది అన్నా.

సకినాల_సరోజ
మా అత్తమ్మకు కింద రెండు ఇంప్లాంట్ల సెట్టే వేయించాం. టిచ్ బటన్ పెట్టినట్టు టక్కున కూర్చుంటుంది. ఈసారి సంక్రాంతికి నేను చేసిన సకినాలు తనే తిన్నది. అంతకుముందు చాయ్‌లో నానబెట్టుకుని తినేది.

కాజీపేట_పోరడు
@సకినాల_సరోజ అక్కా, సకినాలు తిన్నదంటే అది పళ్ల గొప్పా, మీ సకినాల గొప్పా?

సకినాల_సరోజ
రెండూ. నీకు పంపించను.

నిక్కచ్చి_నర్సంపేట
71 ఏళ్లకు లక్షలు పెట్టడం అవసరమా? మా తాత పళ్లు లేకుండానే 90 దాకా బతికాడు. అంబలి, పప్పన్నం మెత్తగా పెడితే చాలు కదా.

పరకాల_పద్మ
@నిక్కచ్చి_నర్సంపేట మీ తాత బతికాడు సరే, ఏం తినాలనిపించిందో ఎవరైనా అడిగారా? మా నాయిన కట్టుడు పళ్లు నిలవక దావత్‌లకు పోవడమే మానేశాడు. నలుగురిలో నవ్వాల్సి వస్తే చేయి అడ్డం పెట్టుకునేవాడు. మెత్తటి అన్నం ఒక్కటే తినీ తినీ షుగర్ పెరిగింది, మనిషి సన్నబడ్డాడు.

నిక్కచ్చి_నర్సంపేట
నేనేం తిట్టలేదు, డబ్బు సంగతి అడిగాను. అప్పు చేసి చేయించేవాళ్లు కూడా ఉంటారు.

కరీంనగర్_పళ్లడాక్టర్
నేను ప్రోస్థోడాంటిస్ట్‌ని, అంటే పళ్ల సెట్లు కట్టే పనే నాది. క్లినిక్ పేరు చెప్పను, ఎవరినీ రమ్మనను. మీ బాపు నోరు చూడలేదు కాబట్టి ఖాయంగా ఏదీ చెప్పలేను, కానీ మూడు మాటలు ఎందుకు వచ్చాయో చెప్పగలను.

పై సెట్టు అంగిలి మొత్తం కప్పుకుంటుంది. మధ్యలో గాలి లేక పట్టు దొరుకుతుంది. కింద ఆ వీలు లేదు. సన్నటి చిగురు గట్టు మీద కూర్చోవాలి, లోపల నాలుక తోస్తుంటుంది, బయట పెదవి, బుగ్గ తోస్తుంటాయి. పైగా పళ్లు తీసేశాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. మొదటి ఏడాది ఎక్కువ, తర్వాత నెమ్మదిగా. పైదాని కంటే కింది దవడ ఎక్కువ అరుగుతుంది. అందుకే కొత్త సెట్టు చేయించినా కొన్నాళ్లకు మళ్లీ అదే ఫిర్యాదు.

రెండు ఇంప్లాంట్ల మాట చవక బేరం కోసం పుట్టింది కాదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఈ రంగం నిపుణులు కూర్చుని, ఒక్క పన్ను కూడా లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా చూపించాలని తేల్చారు. కోరపళ్లు ఉండే చోట అటొకటి ఇటొకటి వేస్తారు. అక్కడ సాధారణంగా ఎముక మిగిలి ఉంటుంది, పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ చోటుకు వెనకే బయటికి వచ్చేస్తుంది కాబట్టి దానికి ముప్పు తక్కువ.

నాలుగు ఇంప్లాంట్ల ఫిక్స్‌డ్ కూడా మంచి పద్ధతే. పోర్చుగల్ డాక్టర్ పాలో మాలో 1990లలో దీన్ని తీసుకొచ్చాడు. ముందు రెండు నిటారుగా, వెనక రెండు ఏటవాలుగా వేసి, ఎముక అతికించే ఆపరేషన్ లేకుండా పని కానిస్తారు. అది కావాలా వద్దా అన్నది మీ బాపు కోరిక, మీ జేబు, ఆయన శుభ్రం చేసుకునే ఓపిక మీద ఉంటుంది.

జనగామ_జంక్షన్
సరోజ గారు చెప్పినంత సాఫీగా మా ఇంట్లో జరగలేదు. మా అమ్మకు ఇదే రెండు ఇంప్లాంట్ల సెట్టు వేయించాం. ముందు భాగం గట్టిగానే ఉంటుంది. వెనక దవడతో గట్టిగా నమిలితే సెట్టు వెనక కొద్దిగా లేస్తుంది, కిందికి పల్లీ ముక్కలు, తోటకూర పీచులు పోతాయి. తిన్న ప్రతిసారీ తీసి కడుక్కోవాలి. "ఇన్ని పైసలు పోసినా తీసి పెట్టుడేనా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పైసలు ఉంటే ఫిక్స్‌డే వేయించుకోండి. నా మాట అంతే.

కరీంనగర్_పళ్లడాక్టర్
@జనగామ_జంక్షన్ మీ అమ్మగారు చెప్పింది నిజం. రెండే ఉన్నప్పుడు వెనక భాగం చిగురు మీదే ఆనుతుంది, కొంచెం ఊగుతుంది. కానీ వేసిన కొత్తలో కంటే ఎక్కువ ఊగుతుంటే వెనక ఎముక ఇంకా అరిగి ఉంటుంది, సెట్టు లోపలి వైపు కొత్త పొర వేయించాలి. రీలైనింగ్ అంటారు. దానికి కొత్త సెట్టు అక్కర్లేదు. మీరు ఒకసారి చూపించారా?

జనగామ_జంక్షన్
లేదు మేడమ్. వేసిన డాక్టర్ క్లినిక్ ఎత్తేసి వెళ్లిపోయాడు. ఇంకో డాక్టర్‌కు చూపిస్తే "ఇది ఏ కంపెనీదో తెలియకుండా నేను చేయి పెట్టను" అన్నాడు.

భూపాలపల్లి_బొగ్గుబావి
అసలు విషయం ఇక్కడుంది. కంపెనీ ఏదో రాసి ఉన్న కార్డు తీసుకోకుండా క్లినిక్ మెట్లు దిగొద్దు. ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, పేరు, సైజు, లాట్ నంబర్ అన్నీ ఉంటాయి. అది కార్డు మీద అంటించి ఇమ్మని అడగాలి. స్విస్ వాళ్ల స్ట్రామన్, కొరియా వాళ్ల ఆస్టెమ్, ఇజ్రాయెల్ వాళ్ల ఎంఐఎస్ ఇలా చాలా ఉన్నాయి, ఒకదాని స్క్రూ ఇంకోదానికి సరిపోదు. రేపు ఏ ఊళ్లో ఏది ఊడినా ఆ కార్డు చూపిస్తేనే పని అవుతుంది.
నాకు కింద నాలుగింటి మీద ఫిక్స్‌డ్. రిటైర్ అయినప్పుడు వచ్చిన పైసలతో వేయించుకున్నా. తినడానికి బాగుంది, మటన్ బొక్క కొరుకుతా. కానీ కడుక్కోవడమే పెద్ద పని. చిగురుకు, పళ్ల వంతెనకు మధ్య సందులో చిన్న బ్రష్ దూర్చాలి, నీళ్లు చిమ్మే మెషిన్ కొట్టాలి, రోజూ రాత్రి. మా ఆవిడ "నీ పళ్లు తోమే లోపల నాకు రెండు సీరియళ్లు అయిపోతాయి" అంటుంది. ముందు పన్ను ఒకటి చిట్లితే డాక్టర్ స్క్రూలు విప్పి మొత్తం తీసి ల్యాబ్‌కు పంపాడు. అన్ని రోజులూ బోసి నోటితో తిరిగా.

కాజీపేట_పోరడు
బొక్క కొరుకుడు ఎందుకు కాకా, ఇంతా అయ్యాక కూడా.

భూపాలపల్లి_బొగ్గుబావి
కొరకనీకే కదా వేయించుకున్నది.

పసుపుకొమ్ము_నిజామాబాద్
మూడు రోజుల పళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా మేనమామకు అవే. బేసల్ ఇంప్లాంట్లు అంటారు. పైన కింద ఎముక బాగా అరిగిపోయింది, మామూలు ఇంప్లాంట్లు వేయాలంటే ఎముక పొడి నింపాలి అన్నారు. ఆయన ఆగలేక ఇవి వేయించుకున్నాడు. మూడో రోజు పళ్లతో ఇంటికి వచ్చాడు. ఇప్పటిదాకా బాగానే ఉన్నాయి. ఎందుకు అందరూ వాటిని తీసిపారేస్తారో నాకు అర్థం కాదు.

కరీంనగర్_పళ్లడాక్టర్
తీసిపారేయడం లేదు. అవి ఎముక లోపలి మెత్తటి భాగం మీద కాకుండా బయటి గట్టి పొర మీద పట్టు తీసుకుంటాయి, ఒకే ముక్కగా ఉంటాయి, అందుకే వెంటనే పళ్లు పెట్టేస్తారు. ఎముక చాలా తక్కువ ఉన్నవాళ్లకు వాటిని వాడే డాక్టర్లు ఉన్నారు, వద్దనే డాక్టర్లూ ఉన్నారు. మా వృత్తిలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. నా అభ్యంతరం రెండు చోట్ల. అన్నీ ఒకే వంతెనకు కట్టి ఉంటాయి కాబట్టి ఒకటి వదులైతే మొత్తం విప్పాల్సి రావచ్చు. రెండోది, ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్లు తక్కువ, వేసిన డాక్టర్ దొరక్కపోతే రిపేరుకు మనిషి దొరకడం కష్టం. చౌరస్తా గారి బాపుకు ముందు భాగంలో ఎముక సరిపడా ఉందని స్కాన్‌లో తేలితే ఆ దారి వెతకాల్సిన పని ఏముంది?

పసుపుకొమ్ము_నిజామాబాద్
ఎముక ఉంటే సరే. లేకపోతే?

కరీంనగర్_పళ్లడాక్టర్
కింద ముందు భాగంలో బొత్తిగా లేకపోవడం అరుదు. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీస్తే ఎత్తు, వెడల్పు, నరం ఎక్కడుంది అన్నీ కొలిచి చూడొచ్చు. మామూలు పెద్ద ఎక్స్‌రేలో వెడల్పు కనపడదు. స్కాన్ చూడకుండానే రేటు చెప్పేవాళ్ల దగ్గర నేనైతే నా దవడ పెట్టను.

హన్మకొండ_చౌరస్తా
మూడు చోట్లలో స్కాన్ రాసింది ఒక్కరే. లక్ష లోపు చెప్పినాయన. మిగతా ఇద్దరూ పాత ఎక్స్‌రే చూసి చెప్పేశారు.

పరకాల_పద్మ
అయితే మీకు జవాబు సగం దొరికినట్టే.

మానుకోట_మాస్టారు
పిల్లలకు సైన్స్ చెప్పే అలవాటు పోలేదు, ఒక ముచ్చట చెబుతా. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ 1950లలో ఎముకలో రక్తం ఎలా తిరుగుతుందో చూద్దామని కుందేళ్ల కాళ్లలో టైటానియం పరికరం పెట్టాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. అక్కడి నుంచి మొదలైంది ఈ కథ. 1965లో మొదటిసారి ఒక మనిషి నోట్లో వేశాడు. ఆ పేషెంట్ 2006లో చనిపోయేదాకా ఆ ఇంప్లాంట్లు పనిచేశాయి.

కాజీపేట_పోరడు
మాస్టారూ, మరి పోయినప్పుడు అవి ఏమవుతాయి? మా నానమ్మ నిజంగానే అడిగింది, చితిలో కాలుతాయా అని.

మానుకోట_మాస్టారు
టైటానియం కరగాలంటే 1668 డిగ్రీలు కావాలి. కట్టెల చితి వేడి దాని దరిదాపులకు రాదు. అస్థికలు ఏరేవాళ్లకు దొరుకుతాయని చెప్పు.

కాజీపేట_పోరడు
నానమ్మ "అయితే గోదాట్ల కలపకుండా మనుమరాలికి ఇయ్యున్రి, అంత ఖరీదైనవి" అంటోంది.

మెట్‌పల్లి_మందులషాప్
షుగర్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు. వేలికి గుచ్చి చూసే షుగర్ ఆ పూటది మాత్రమే. హెచ్‌బీఏ1సీ టెస్ట్ చేయిస్తే దాదాపు మూడు నెలల సగటు తెలుస్తుంది. అది 7 దగ్గర ఉంటే ఇబ్బంది ఉండదు, 8 దాటితే చాలామంది డాక్టర్లు తగ్గించుకుని రమ్మంటారు. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానదు, ఎముక పట్టుకోదు.
ఇంకొకటి, ఇది నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తా. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, వారానికోసారి మింగే అలెండ్రోనేట్ మాత్ర వాడేవాళ్లు ఆ సంగతి పళ్ల డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. పళ్లు తీసినా, ఇంప్లాంట్ వేసినా దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం కొందరిలో ఉంటుంది. "మోకాళ్ల ఇంజెక్షన్‌కు పళ్లకు ఏం సంబంధం" అని చెప్పరు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు కూడా సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్‌ను అడిగాకే.

సకినాల_సరోజ
@మెట్‌పల్లి_మందులషాప్ గుట్కా సంగతి కూడా రాయండి. మా ఆడబిడ్డ మొగుడు గుట్కా నములుతూ ఇంప్లాంట్ల కోసం తిరుగుతున్నాడు.

మెట్‌పల్లి_మందులషాప్
వక్క, గుట్కా ఏళ్ల తరబడి నమిలితే బుగ్గ లోపల బిగుసుకుపోయి నోరే తెరుచుకోదు. రెండు వేళ్లు కూడా దూరని వాళ్లను చూశా. ఇంప్లాంట్ వేసే మెషిన్ నోట్లోకి ఎక్కడ పోతుంది? అది క్యాన్సర్‌కు ముందు దశ కూడా కావచ్చు, ముందు ఆ పరీక్ష చేయించమనండి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకూ ఇంప్లాంట్ ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ.

పరకాల_పద్మ
ఖర్చు గురించి అడిగిన నర్సంపేట ఆయనకు ఒక మాట. డెంటల్ కాలేజీల్లో పీజీ చేసేవాళ్లు ప్రొఫెసర్ల కళ్ల ముందు చేస్తారు, బయటి కంటే తక్కువలో అవుతుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, మనకు దగ్గరగా ఖమ్మంలో మమత ఉంది. ఓపిక కావాలి, ఎక్కువసార్లు తిరగాలి. మా నాయినకు మామూలు సెట్టు కాలేజీలోనే చేయించాం, బయట చేసినదాని కంటే నీట్‌గా వచ్చింది.

నిక్కచ్చి_నర్సంపేట
థ్యాంక్స్ పద్మక్కా. ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

పరకాల_పద్మ
మామూలు హెల్త్ పాలసీల్లో చాలావరకు పళ్ల పని ఉండదు, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే తప్ప. పాలసీ కాగితం వెనకవైపు చిన్న అక్షరాలు చదువుకోండి.

హుజూరాబాద్_హమీద్
మా అన్నకు హైదరాబాద్‌లో పేరున్న పెద్ద చెయిన్ క్లినిక్‌లో వేయించాం. ఏసీ, కాఫీ, కంప్యూటర్‌లో నవ్వు ఎలా ఉంటుందో చూపించడం, అన్నీ బాగున్నాయి. తర్వాత ప్రతిసారీ కొత్త డాక్టర్. సెట్టు లోపల ఉండి ఇంప్లాంట్ తలలను పట్టుకునే నైలాన్ టోపీలు అరిగిపోయి వదులైతే, అవి మార్చడానికి పొద్దున బండెక్కి పోతే సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. పని అయింది పది నిమిషాల్లో. అందుకే నేను చెప్పేది, ఎంత గొప్ప డాక్టర్ అన్నది తర్వాత, ఇంటికి ఎంత దగ్గర అన్నది ముందు చూడండి. ముసలాయనను ప్రతిసారీ సికింద్రాబాద్ రైలెక్కించలేరు.

జనగామ_జంక్షన్
@హుజూరాబాద్_హమీద్ వంద లైకులు. ఆ టోపీలు ఎన్నాళ్లకు మార్చాలి?

కరీంనగర్_పళ్లడాక్టర్
వాడకాన్ని బట్టి. కొందరికి ఆరు నెలలకే అరుగుతాయి, కొందరికి ఏడాది దాటుతుంది. పెద్ద ఖర్చు కాదు, కానీ అదే కంపెనీవి కావాలి. అందుకే బొగ్గుబావి గారి కార్డు మాట.
సెట్టు వాడకం గురించి కూడా చెప్పేస్తా, రోజూ అవే ప్రశ్నలు. రాత్రి తీసి చల్లటి నీళ్లలో వేయాలి. వేడి నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంకర పోతుంది. టూత్‌పేస్ట్‌తో తోమితే గీతలు పడతాయి, ఆ గీతల్లో పాచి కూర్చుంటుంది. మెత్తటి బ్రష్, చేతులు కడుక్కునే సబ్బు నీళ్లు చాలు. నోట్లో ఉన్న రెండు ఇంప్లాంట్ తలలను కూడా బ్రష్‌తో తోమాలి. "ఇనుపదానికి పుచ్చు పట్టదు కదా" అని వదిలేస్తారు. పుచ్చు పట్టదు, కానీ చుట్టూ చిగురు వాచి ఎముక కరుగుతుంది.

హన్మకొండ_చౌరస్తా
మేడమ్, రెండు ప్రశ్నలు. ఇప్పుడున్న కింది సెట్టే వాడుకోవచ్చా, కొత్తది చేయించాలా? ఇంప్లాంట్లు వేశాక ఎముక పట్టేదాకా బాపు ఏం తినాలి?

కరీంనగర్_పళ్లడాక్టర్
పాత సెట్టు పళ్లు అరగకుండా, పైవాటితో సరిగ్గా కలుస్తుంటే దానికే లోపల గుంతలు చేసి టోపీలు బిగించొచ్చు, ఖర్చు తగ్గుతుంది. అరిగితే కొత్తదే మేలు. కింద ఎముక పట్టడానికి మామూలుగా మూడు నెలలు. మొదట కొన్ని రోజులు సెట్టు పెట్టుకోవద్దంటారు, తర్వాత లోపల మెత్తటి పొర వేసి అదే సెట్టు ఇస్తారు. ఆ మూడు నెలలు మెత్తటి తిండి. మక్క కంకులు, సకినాలు, బొక్కలు పక్కన పెట్టాలి.

భూపాలపల్లి_బొగ్గుబావి
బొక్కలు అంటూ నా వైపు చూడకండి మేడమ్.

పసుపుకొమ్ము_నిజామాబాద్
పైన కూడా ఇప్పుడే వేయించేస్తే ఒకేసారి అయిపోతుంది కదా?

కరీంనగర్_పళ్లడాక్టర్
పైది బాగానే నిలుస్తోందని ఆయనే అంటున్నారు. పై ఎముక మెత్తన, అక్కడ తీసే సెట్టుకు కూడా కనీసం నాలుగు ఇంప్లాంట్లు వేస్తారు, పట్టడానికి ఇంకా ఎక్కువ కాలం. బాధ లేని చోట డబ్బు ఎందుకు పోయడం? అంగిలి కప్పేస్తే కొందరికి వాంతి వచ్చినట్టు ఉంటుంది, రుచి తెలియదంటారు, వాళ్ల సంగతి వేరు.

వేయిస్తంభాల_విజయ్
మధ్యలో దూరుతున్నా. మా బాబాయికి నడుముకు ఎంఆర్‌ఐ రాశారు, నోట్లో ఇంప్లాంట్లు ఉన్నాయి. తీయొచ్చా?

కరీంనగర్_పళ్లడాక్టర్
టైటానియంను అయస్కాంతం లాగదు, ఇంప్లాంట్లతో ఎంఆర్‌ఐకి మామూలుగా ఇబ్బంది లేదు. తీసే సెట్టు మాత్రం బయట పెట్టాలి. కొన్ని సెట్లు మాగ్నెట్ల మీద నిలుస్తాయి, అలాంటిదైతే టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి.

హన్మకొండ_చౌరస్తా
స్కాన్ అయింది. ముందు భాగంలో ఎముక సరిపోతుందన్నారు. హెచ్‌బీఏ1సీ 8.3 వచ్చింది, షుగర్ డాక్టర్ మాత్ర మార్చి మళ్లీ టెస్ట్ చేయించుకుని రమ్మన్నాడు. బాపును అడిగితే "తీసి కడుక్కుంటా, నాకేం కష్టం, మూడు లక్షల పళ్లు పెట్టుకుని నిద్ర ఎట్లా పడుతది" అన్నాడు. కాబట్టి కింద రెండే, నక్కలగుట్ట దగ్గరి క్లినిక్‌లోనే, ఇంటి నుంచి ఆటోలో పోవచ్చు. కార్డు ఇస్తారా అని అడిగితే స్టిక్కర్ అంటించిన పాత పేషెంట్ల ఫైలు చూపించారు. షుగర్ తగ్గాక తేదీ ఇస్తారట.

జనగామ_జంక్షన్
నేనైతే ఇప్పటికీ ఫిక్స్‌డ్ అంటా. కానీ ఆయన నోరు, ఆయన ఇష్టం.

సకినాల_సరోజ
చౌరస్తా అన్నా, ఆ రోజు బాపును ఖాళీ కడుపుతో తీసుకుపోకండి. మా అత్తమ్మను ఆపరేషన్ అనుకుని పస్తు ఉంచి తీసుకుపోతే షుగర్ పడిపోయి కుర్చీలోనే కళ్లు తిరిగాయి.

కరీంనగర్_పళ్లడాక్టర్
అవును. మత్తు చిగురుకే ఇస్తారు, పస్తు అక్కర్లేదు. టిఫిన్ తిని, షుగర్ బీపీ మాత్రలు ఎప్పటిలాగే వేసుకుని, పొద్దున అపాయింట్‌మెంట్‌కు వెళ్లండి. డాక్టర్ ప్రత్యేకంగా వేరేలా చెబితే అది వినండి.